తోడుకి ఒక చుక్క

నేను ఒక పెరుగు కణాన్ని. పెరుగు చుక్కని కాదు, మీగడ తరకని అంతకన్నా కాదు. మీరు అన్నంలో కలుపుకుని, ఊరగాయ నంజుకుని, బ్రేవ్‌మని తేన్చి లేచిపోతారే, ఆ పెరుగులో ప్రతి చుక్కలోనూ కోట్లకొద్దీ కిక్కిరిసి ఉండే మాలో ఒకదాన్ని. మీలో ఎవరూ నన్ను చూసి ఉండరు. చూడకపోతే పోనివ్వండి, రోజూ తింటూనే ఉన్నారు కాబట్టి పరిచయం లేదని మాత్రం అనకండి.

ఆత్మకథ అన్నాక పుట్టుక దగ్గర మొదలుపెట్టాలట. నా విషయంలో అక్కడే చిక్కొచ్చింది. నేను పుట్టలేదు, చీలాను. నాకు ముందున్న కణం ఒళ్లు పెంచుకుని, లోపలి సరంజామాకి మరో జత తయారుచేసుకుని, నడుమ అడ్డుగోడ కట్టుకుని రెండయింది. అందులో ఒకటి నేను. రెండోదీ నేనే. తల్లి ఎవరు, పిల్ల ఎవరు అంటే మాలో ఎవరూ చెప్పలేరు. ఉన్నదాంట్లో చెరిసగం తీసుకుంటాం, ఆ వెంటనే ఎవరి తిండి వాళ్లు చూసుకుంటాం. మీ అన్నదమ్ములు కోర్టు చుట్టూ తిరిగి తిరిగి తేల్చుకోలేని పంపకాన్ని మేము కుండెడు అన్నం ఉడికేలోగా తేల్చేస్తాం.

నా ఒంటి కట్టుబడి గురించి చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. చుట్టూ గట్టి గోడ ఒకటి, దాన్ని మీ పుస్తకాల్లో కణకవచం అంటారు. గోడకి లోపలివైపు పల్చటి పొర. అది కావలిది. పాలలో ఉండే చక్కెర వస్తే లోపలికి రానిస్తుంది, పనికిరానివాటిని బయటికి పంపిస్తుంది, ఊరికే తోసుకొచ్చేవాళ్లని ఆపుతుంది. లోపల గంజిలా చిక్కగా కణద్రవ్యం. అందులో ఉంగరంలా చుట్టుకున్న సన్నటి పోగు. నేను ఏం తినాలి, ఏం తయారు చెయ్యాలి, ఎప్పుడు రెండవ్వాలి అన్నదంతా ఆ పోగులోనే ఉంది. అది చెప్పినట్టల్లా మాంసకృత్తులు అల్లిపెట్టే రైబోజోములు చుట్టూ తిరుగుతుంటాయి. అంతే. గదుల్లేవు, మేడల్లేవు.

పని కూడా అంతే సులువు. పాలలో చక్కెరని లోపలికి లాక్కుంటాను. విరగ్గొట్టి అందులో ఓపిక తీసుకుంటాను. మిగిలిన పులుపుని బయటికి పారేస్తాను. మేమందరం కలిసి పారేసిన ఆ పులుపు తగిలే పాలు గడ్డకట్టి పెరుగవుతాయి. మర్యాద పక్కనపెట్టి చెప్పాలంటే, మా ఇంటి చెత్తనే మీరు కమ్మగా ఉందంటారు. మీ ఇష్టం.

మాకు కళ్లు లేవు, చెవులు లేవు, మరి ఈ కథంతా నీకెలా తెలిసిందని అడుగుతారేమో. వంటింట్లో మూత కింద కూచున్నవాళ్లకి తెలియని సంగతి ఏ ఇంట్లోనైనా ఉంటుందా?

ఇహ మనుషుల దగ్గరికొస్తాను. గోదావరి కాలవ పక్కన వేమగూడెం అని ఒక ఊరు. ఆ ఊళ్లో గంగారత్నం ఇంట్లో మా కాపరం. ఆమెకి ముందు ఆమె అత్తగారి దగ్గరున్నాం. ఆ అత్తగారికి ముందు ఆవిడ పుట్టింటి ముంతలో, ఇంకా వెనక్కి వెళ్తే ఎవరెవరి ఉట్టి మీదో. అత్తారింటికి వెళ్లే పిల్ల వెంట చీరలూ గిన్నెలూ వెళ్లినట్టు మేమూ వెళ్తాం. చీరలు చిరుగుతాయి, గిన్నెలు సొట్టలు పోతాయి, మేము మాత్రం రేపటి పాలల్లోకి వెళ్లిపోతాం.

గంగారత్నం పెరుగంటే ఆ చుట్టుపక్కల పేరు. మట్టి దాక పక్కకి వంచినా లోపలి పెరుగు కదలదు, మర్నాటికి పుల్లబడదు. బస్టాండు దగ్గర భోజనం హోటలుకి రోజూ ఆమె దాకలే వెళ్తాయి. ఎవరింట్లో పంక్తి లేచినా పెరుగు ఆమెదే. "నా హస్తవాసి అలాంటిదమ్మా" అంటుంది, కుడిచెయ్యి కాస్త పైకెత్తి చూపిస్తూ. ఆ చెయ్యి చేసేదల్లా కాచిన పాలు గోరువెచ్చనయ్యాక మమ్మల్ని తీసుకెళ్లి అందులో వదిలెయ్యడం. తక్కిన చాకిరీ అంతా మాది. అయినా మేమెప్పుడూ నోరెత్తలేదు. పేరు పెట్టుకుని మేమేం చేసుకుంటాం?

ఆమెకి ఒక్కడే కొడుకు, తాతాజీ. రెండు గేదెల్నీ వాడే చూసుకుంటాడు. వాడి పెళ్లాం వీరవేణి. మాట తక్కువ, చూపు ఎక్కువ. కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ పేడా గడ్డీ పొయ్యీ ఆమెవి, దాకలు మాత్రం అత్తగారివి. దాకల దగ్గరికి ఎవరినీ రానిచ్చేది కాదు గంగారత్నం. మోకాళ్లు మొరాయించి కింద కూచోలేకపోయాక, ఈమధ్యే, తోడేసే పని కోడలికి ఒప్పగించింది. ఆ రోజు వీరవేణి ముఖం చూడాలి. ఆ ఇంట్లో మొట్టమొదటిసారి ఒక పని ఆమెదయింది. పాలలో చిటికెనవేలు ముంచి వేడి చూసుకుని, మమ్మల్ని చెంచాతో వదిలి, దాక మీద మూత పెట్టి, ఆ మూత మీద ఒక్క క్షణం చెయ్యి ఉంచేది. ఎంత సంతోషపడిందంటే, పుట్టింటికి కబురు కూడా పెట్టింది.

ఒప్పగించేటప్పుడు అత్తగారు ఒకే ఒక్క షరతు పెట్టింది. దీపాలు పెట్టేశాక పాలు గాని, పెరుగు గాని, తోడు గాని గుమ్మం దాటకూడదు. దాటితే ఇంట్లో లక్ష్మి వాటి వెంట నడిచి వెళ్లిపోతుందట. ఆ ఊళ్లో చాలామందికి ఈ పట్టింపు ఉంది. చీకటి పడితే మాకు కాళ్లొస్తాయని మేము వినడం అక్కడే.

ఒకరోజు రాణి అనే గేదెకి పొదుగు వాచింది. తాతాజీ పశువుల డాక్టర్ని తీసుకొచ్చాడు. ఆయన పొదుగు నొక్కి చూసి, ఇంజెక్షన్ చేసి, "కొన్నాళ్లపాటు దీని పాలు పిండి పారబొయ్యాలోయ్. మందు పాలల్లోకి దిగుద్ది. తెలిసిందా?" అన్నాడు.

"ఆయ్, తెలిసిందండి" అన్నాడు తాతాజీ. డాక్టరు బండి మలుపు తిరగ్గానే వాడికి తెలిసింది ఇంకొకటి. ఎలాగూ కాస్తాం కదా, కాగితే ఏ మందైనా చస్తుంది, దానికి ఇన్ని పాలు కాలవలో పోసుకోవడం దేనికి? పైగా ఇంటికి పెద్ద పని ఒకటి రాబోతోంది. వాడు ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పకూడదని కాదు. చెప్పవలసిన సంగతని వాడికి తోచలేదు. సాయంత్రం రెండు గేదెల పాలూ ఒకే గంగాళంలో పోసి భార్యకిచ్చాడు.

ఆ పెద్ద పని ఏమిటంటే, రైసుమిల్లు యజమాని షష్టిపూర్తి. ఊరంతా భోజనాలకొస్తుంది. పెరుగు మాట ఖాయం చేసుకోడానికి గంగారత్నం ఆ సాయంత్రం మిల్లువారింటికి వెళ్లింది. వీరవేణి తులసికోట దగ్గర దీపం పెట్టి లోపలికొచ్చేసరికి పెరటి గుమ్మంలో సువార్త నిలబడి ఉంది. సువార్త వీధి చివర అద్దెకుంటూ జాకెట్లు కుడుతుంది. ఆదివారం చర్చికి వెళ్తుంది. వీరవేణికి ఆ వీధిలో మనసు విప్పి మాట్లాడే మనిషి ఆవిడ ఒక్కతే.

"వేణక్కా, ఏమనుకోకండి. మా గిన్నె పిల్లి ముట్టేసింది. తోడుకి చుక్క పెరుగు పెడతారా?"

"దీపం పెట్టేసేను సువార్తా."

"అయ్యో, మీకా పట్టింపుందని మర్చేపోయేను. పోన్లెండి, రేపు చూసుకుంటాను." ఆవిడ వెనక్కి తిరిగింది.

చేతిలో ఖాళీ గిన్నెతో ఆవిడ అలా తిరిగేసరికి వీరవేణికి ప్రాణం చివుక్కుమంది. "ఆగవే. చుక్కే కదా, చుక్కకేం లక్ష్మి పోతుంది" అంటూ తోడు ముంతలోంచి ఒక చెంచా తీసి గిన్నెలో వేసింది.

ఆ చెంచాలో నేనున్నాను. ముంతలో కూడా నేనున్నాను, ఎందుకంటే అప్పటికే రెండయ్యాను. సగం నేను సువార్త ఇంటికి వెళ్లాను, సగం నేను దాకల్లోకి వెళ్లాను. రెండూ నేనే కాబట్టి రెండుచోట్ల జరిగిందీ నాకు తెలుసు. ఈ లెక్క అర్థం కాకపోతే వదిలెయ్యండి, మీ బంధుత్వాలు మాకూ అర్థం కావు.

దాకలో దిగగానే చుట్టూ ఏవో శిథిలాలు. రాణి పొదుగు వాపుతో పోరాడడానికి వచ్చి, పాలల్లో కొట్టుకొచ్చి, కాగి చచ్చిన గేదె కణాలు అవి. ఎంతెంత ఇళ్లండీ! మా అంతవాళ్లం వేలమంది ఒక్కదాంట్లో కాపరం ఉండొచ్చు. నడిమధ్యలో కేంద్రకం అని ప్రత్యేకంగా ఒక గది. మేము ఉంగరంలా చుట్టి ఓ మూల పడేసుకునే పోగుని వాళ్లు ఆ గదిలో పొరలో చుట్టి దాచుకుంటారు. ఓపిక తయారు చెయ్యడానికి వేరే మైటోకాండ్రియాలు, సరుకు మూటగట్టి పంపడానికి వేరే సంచులు, పాడైనవాటిని అరిగించి పారెయ్యడానికి వేరే తిత్తులు. మీ ఒళ్లు కూడా అలాంటి ఇళ్లతోనే కట్టింది. ఒక్కటే వాళ్లకి లేదు, గోడ. పొర మాత్రమే ఉంది. అంత ఆర్భాటం పెట్టుకుని గోడ కట్టుకోలేదేమిటా అని నవ్వుకున్నాను.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మేము పెద్దవుతున్నప్పుడు గోడని అక్కడక్కడా విప్పుకుని కొత్త ముక్కలు అతుక్కుంటూ పోవాలి. రాణికి పొడిచిన మందు సరిగ్గా ఆ అతికే పనిని పట్టుకుంది. కాగినా చావలేదది. విప్పిన గోడ విప్పినట్టే ఉంది, కొత్త ముక్క అతుక్కోదు. లోపలేమో ఒళ్లు పెరుగుతోంది. సందులు పడ్డాయి, నీరు తోసుకొచ్చింది, పొర ఉబ్బింది, పగిలిపోయాం. తాపీగా కూచున్నవాళ్లు కాస్త నయం, ఆబగా తిని రెండవ్వబోయినవాళ్లే ముందు పోయారు. గేదె కణాలకి గోడ లేదు కాబట్టి ఆ మందు వాటినేమీ చెయ్యదు, మామీదికే వచ్చింది. దాకల్లో ఉన్న నేను ఆ విధంగా చచ్చిపోయాను. బాధపడ్డావా అంటే, దానికి కావలసిన సరంజామా మా ఇంట్లో లేదు.

పొద్దున్నే గంగారత్నం మూత తీసి దాక వంచింది. పాలు పాలలాగే బిళబిళా ఒరిగాయి. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"వేణీ! ఏం చేసేవే దీన్ని? తోడెయ్యలేదా?"

"వేసేనత్తయ్యా. రోజూ వేసినట్టే వేసేను."

"వేస్తే ఇలాగుంటదా? ఎవరికైనా ఏదైనా ఇచ్చేవా? నిజం చెప్పు."

వీరవేణికి అబద్ధం చెప్పడం చాతకాదు. చెప్పింది. ఇక చూడండి. గంగారత్నం నెత్తి బాదుకుంది. తోడు ముంతలో ఉన్న కాస్తా నిన్ననే దాకల్లో పోసేశారు, మిగిలిన పెరుగు హోటలుకి వెళ్లిపోయింది. అత్తగారి దగ్గర్నుంచి వచ్చిన తోడు చుక్క కూడా లేదు ఇంట్లో. పక్కింటినుంచి తోడు తెచ్చి, రాణి పాలూ రెండో గేదె పాలూ మళ్లీ కలిపి కాచి, ఈసారి తన చేత్తో వేసింది. సాయంత్రానికి అవీ పాలే. అప్పుడామెకి నిజంగా భయం వేసింది. తన చెయ్యి కూడా పనిచెయ్యలేదంటే ఇది మామూలు దిష్టి కాదనుకుంది. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. మిరపకాయల ఘాటుకి ఇంటిల్లిపాదీ దగ్గారు. పాలు మాత్రం చలించలేదు.

ఆ కోపంలో గుమ్మం ముందుకొచ్చి వీధి చివరిదాకా వినపడేలా అరిచింది. "దీపాలు పెట్టేక వచ్చి మా ఇంటి లక్ష్మిని గిన్నెలో పెట్టుకుపోయింది! ఎవరెవర్నో వీధిలోకి రానిస్తే ఇంతే మరి!" ఆ ఎవరెవరో అన్నమాటకి అర్థం ఏమిటో వీధిలో అందరికీ తెలుసు. సువార్త కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. తలుపు మూసిన చప్పుడయింది.

లోపలికొచ్చి కోడలితో అంది. "ఎల్లుండి మిల్లువారి భోజనాలు. పేరు పోయిందంటే మళ్లీ రాదు. నీ చెయ్యి మంచిది కాదే. ఇంకెప్పుడూ దాకల మీద చెయ్యి వెయ్యకు. ఒట్టు."

వీరవేణి పెరట్లోకి వెళ్లి గేదెల గాటి దగ్గర కూచుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మీ కళ్లల్లో నీళ్లు ఊరించే కణాలు వేరే ఉన్నాయి. అవి ఎవరి తప్పు ఎవరిదో విచారించి పనిచెయ్యవు.

మర్నాడు పొద్దున్న ఆమె ఒక పాత జాకెట్టు చంకలో పెట్టుకుని సువార్త ఇంటికి వెళ్లింది. సువార్త కుర్చీలోంచి లేవలేదు.

"మళ్లీ ఏం పోయిందండీ మీ ఇంట్లో, నామీద పెట్టడానికి?"

"నా చెయ్యే పోయిందే" అంది వీరవేణి.

సువార్త చేతిలో గుడ్డ మిషను మీద పెట్టి లేచి, మంచినీళ్లిచ్చి, "అన్నం తినుంటారా? ముఖం చూస్తే తిన్నట్టు లేదు" అని పెరుగన్నం కలిపి పెట్టింది. కంచంలో పెరుగు ముక్కలు ముక్కలుగా ఉంది, కత్తితో కోసినట్టు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే వీరవేణి చెయ్యి ఆగిపోయింది. అది వాళ్లింటి రుచే. పాకెట్టు పాలల్లో వేసినా పోని రుచి. దానికి కారణం నేనని ఇక్కడ చెప్పుకోవడం గొప్ప కాదు గాని, నిజం.

"ఇది నేనిచ్చిన తోడేనా?"

"మరింకెవరిది? మీరిచ్చినది మొన్న తోడుకుంది, దాంతోనే నిన్న మళ్లీ వేసేను."

వీరవేణి ముద్ద నమలడం మానేసి ఆలోచించింది. ఒకటే ముంత, ఒకటే చెంచా. ఇచ్చింది నా చెయ్యే. ఇక్కడ తోడుకుంది, అక్కడ తోడుకోలేదు. తప్పు తోడుదీ కాదు, చేతిదీ కాదు. మరి మిగిలింది పాలే కదా?

ఇంత సూటిగా ఆలోచించినవాళ్లని నేను వంటిళ్లలో చాలా తక్కువమందిని చూశాను. ఆమె ఒక కప్పు పెరుగడిగి పుచ్చుకుని, కొంగు చాటున ఇంటికి తెచ్చింది. ఆ పొద్దుటి పాలు రెండు గేదెలవీ వేరువేరుగా కాచి, రెండు గ్లాసుల్లో పోసి, రెండింట్లోనూ ఒక్కో చెంచా నన్ను వదిలింది. అత్తగారి ఒట్టుకి భంగం రాకుండా ఆ పనంతా దాకలు లేని చోట, గాటి పక్కన ఇటుకల మీద చేసింది. ఎండలు మండిపోతున్న కాలం. మాకు అంతకన్నా ఏం కావాలి?

రాణి గ్లాసులోని నేను మళ్లీ పగిలిపోయాను. రెండో గ్లాసులోని నేను తిన్నాను, చీలాను, పులుపు పారేశాను, మళ్లీ చీలాను. పొద్దు వాలేసరికి ఆ గ్లాసు గట్టిగా తోడుకుంది.

వీరవేణి రెండు గ్లాసులూ తెచ్చి అత్తగారి ముందు పెట్టింది. ఒకటి వంచింది, పాలు కారాయి. రెండోది బోర్లించింది, పెరుగు వేలాడింది.

"ఇది రాణిది. ఇది రెండో గేదెది. తోడు రెండింటికీ ఒకటే, సువార్త ఇంటిది. చెయ్యి కూడా ఒకటే, నాదే" అంది.

గంగారత్నం రెండు గ్లాసుల్నీ మార్చి మార్చి చూసింది. అప్పుడే గడ్డిమోపు దింపుతున్న తాతాజీ తల తిప్పి, "రాణి పాలా? డాక్టరుగారు పారబొయ్యమన్నాడులే. ఇంజెక్షన్ దిగుద్దంట. కాస్తాం కదాని నేనే పోసేసేను" అన్నాడు, వాన పడేలా ఉందన్నంత మామూలుగా.

అత్తాకోడళ్లిద్దరూ వాడి కేసి చూసిన చూపుకి గడ్డిమోపు వాడి చేతిలోంచి జారిపోయింది.

"ఓరి నీ మొహం మండా! ముందు చెప్పడానికేం రోగం రా నీకు?" అంది గంగారత్నం.

తిట్టడానికి కూడా తీరిక లేదు. మర్నాడే భోజనాలు. ఆ సాయంత్రమే తోడెయ్యాలి. తాతాజీ సైకిలేసుకుని పాలకేంద్రానికి పరిగెత్తి దాకలకి సరిపడా పాలు తెచ్చాడు. పాలు కాగాయి, దించారు. తోడు ఏది? గ్లాసుడు పెరుగు అన్ని దాకలకి ఏ మూలకి? ఇరుగుపొరుగు ఇళ్లలో అడగొచ్చు, కాని ఆ వీధిలో అందరిదీ మర్నాటికల్లా పళ్లు పులిసే పుల్లటి తోడే. గంగారత్నం పెరుగు గంగారత్నం పెరుగులా ఉండాలంటే సరిపడా ఆ తోడు ఒక్కచోటే బతికుంది. తులసికోట దగ్గర అప్పటికే దీపం వెలుగుతోంది.

గంగారత్నం దాని కేసి ఒకసారి చూసింది. తర్వాత పెద్ద గిన్నె తీసుకుని, మోకాళ్లు పట్టుకుంటూ, వీధిలోకి నడిచింది. వెనకే వీరవేణి. అరుగుల మీద కూచున్నవాళ్లు మాటలాపి చూశారు.

సువార్త తలుపు తీసింది గాని లోపలికి రమ్మనలేదు.

"తోడు కావాలమ్మా" అంది గంగారత్నం.

"దీపాలు పెట్టేసేరండీ వీధిలో అందరూ."

గంగారత్నం తల దించుకుంది. ఆమెకి సిగ్గేసింది. "నోరు జారేనమ్మా. పాలల్లో మందుంది. నువ్వేం పట్టుకుపోలేదు" అంది చివరికి.

"ఆ మాటేమో మీరు వీధంతా వినపడేలా అన్నారు. ఇదేమో గుమ్మంలో చెబుతున్నారు" అంది సువార్త. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. లోపలికి వెళ్లి నిండు గిన్నెతో వచ్చింది. గంగారత్నం చేతులు చాచింది. సువార్త ఆ చేతుల్ని దాటించి గిన్నె పక్కకి పట్టింది.

"వేణక్కకిస్తాను. ఆవిడ వేస్తానంటేనే."

గంగారత్నం చాచిన చేతులు కాసేపు అలాగే ఉండిపోయాయి. తర్వాత వాటితోనే కోడలి భుజం పట్టుకుని ముందుకి తెచ్చింది. "పుచ్చుకోవే. నేను కింద కూచోలేను కదా" అంది.

ఆ మాట మీద వీరవేణి దాకలన్నింటికీ తోడేసింది. ఆ రాత్రి మేము ఎంత తిన్నామో, ఎన్నిసార్లు చీలామో చెప్పలేను. మందు లేని పాలు, సమమైన వేడి. గోడ విప్పుకోవడం, అతుక్కోవడం, నడుమ అడ్డు కట్టుకోవడం, విడిపోవడం, మళ్లీ మొదలు. బతకడం అంటే మాకు ఇంతే. దీనికి మించి ఏదో ఉందని మీరనుకుంటారు, మీ ఒంట్లో కణాలన్నీ కూడా లోపల చేస్తున్నది దాదాపు ఇదే.

మర్నాడు మిల్లువారింట్లో పంక్తుల మీద పంక్తులు లేచాయి. చివరి పంక్తిలో ఇంటి ఆడవాళ్లు కూచున్నారు, మధ్యలో యజమాని భార్య సీతారావమ్మ. నియమం గల మనిషి, పట్టింపులు ఎక్కువ. పెరుగు వడ్డించే వేళకి గంగారత్నం తనే గరిటె పుచ్చుకుంది. దాకలోంచి తెల్లటి పలకలా లేచిన పెరుగు విస్తట్లో పడింది. సీతారావమ్మ కలుపుకుని తిని తల పైకెత్తింది.

"గంగారత్నం, నీ హస్తవాసి ఎక్కడికీ పోదే! ఊళ్లో ఏవేవో అనుకున్నారు. ఏదీ ఆ చెయ్యి?"

పంక్తి పంక్తంతా నవ్వింది. గంగారత్నం ఆ కుడిచెయ్యి పైకెత్తలేదు. గుమ్మం దగ్గర దాకలు అందిస్తున్న వీరవేణి కేసి తిరిగింది.

"చెయ్యి నాది కాదండి, అదిగో, మా కోడలిది" అంది, వీధిలో అరిచినంత గట్టిగా. "తోడు కూడా మా ఇంట్లోది కాదు. మాది చచ్చింది. ఇది సువార్త ఇంటినుంచి తెచ్చుకున్నాం. జాకెట్లు కుడుతుందే, ఆ సువార్త. దీపాలు పెట్టేక వెళ్లి, అడిగి తెచ్చుకున్నాం. ఇందులో నాదంటూ ఉంటే గేదె ఒకటి, అదీ జబ్బుది."

నవ్వు ఆగిపోయింది. ఒకావిడ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది. ఇంకొకావిడ కలుపుకున్న ముద్ద కలుపుకున్నట్టే వదిలేసి సీతారావమ్మ ముఖంలోకి చూసింది. అందరూ అటే చూస్తున్నారు. వీరవేణి చేతిలో దాక గట్టిగా పట్టుకుని నిలబడింది, దాని అంచు ఆమె వేళ్లలో నొక్కుకుపోతోంది. గంగారత్నం గరిటె గాల్లో ఉంది.

సీతారావమ్మ తన విస్తరి కేసి చూసుకుంది. అడుగున మిగిలిన పెరుగుని వేళ్లతో దగ్గరికి లాగి, నోట్లో పెట్టుకుని, తాపీగా మింగింది. "గరిటె ఆ అమ్మాయికియ్యి" అంది.

వీరవేణి వచ్చి గరిటె పుచ్చుకుంది. సీతారావమ్మ విస్తరి ముందుకి జరిపింది. రెండోసారి వడ్డించిన ఆ పెరుగులో నేనున్నాను.